కుడి జేబు చొక్కాలు

ఆఫీసరమ్మ వేలు ఫోటో మీద ఆగింది. ఆ వేలి కింద మా బాబాయి దర్జీ కొట్టు ఉంది. ఉండాల్సిన చోట మాత్రం లేదు.

"గడియార స్తంభం దగ్గర నిలబడి తీసిన ఫోటో. అవునా?"

"అవునండీ."

"ఇందులో మీ కొట్టు కుడివైపుంది. ఇప్పుడేమో ఎడమవైపు. మరి ఇది పాత కట్టడం ఎలా అవుతుందమ్మా?"

పెద్దవీధిని వెడల్పు చేస్తున్నారు. ఎడమవైపు కొట్లన్నీ ముందు నుంచి ఆరడుగులు కొట్టేస్తారు. ఈ ఫోటోలో ఏ చోట ఉన్నాయో ఇప్పటికీ అక్కడే ఉన్న కట్టడాల జోలికి మాత్రం రారు. బాబాయి కొట్టు లోతు పది అడుగులు. ఆరు పోతే మిగిలేది మెట్లూ, ఒక కుర్చీ.

"పదకొండుకి, వదిలేసే కట్టడాల జాబితా మీద సంతకం పెట్టి వెళ్ళిపోతాను," అందావిడ. స్తంభం మీద గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

అప్పటికే నా వెనక ఇరవై మంది పోగయ్యారు. ప్రతి ఆదివారం నేను ఊరు చూడవచ్చినవాళ్ళను ఈ వీధిలో నడిపిస్తాను. ఈ గడియార స్తంభం, వీధి చివర అడ్డంగా కూర్చున్న పోస్టాఫీసు, దాని తలుపుకున్న ఇత్తడి ఉత్తరాల నోరు, బేకరీలో మనిషి పట్టేంత పొయ్యి, దానికి ఎదురుగా బాబాయి కొట్టు, పైన చెక్క బాల్కనీ. ఆరేళ్ళుగా ఇదే వరస. స్తంభం మొదట్లో బల్లంత సైజులో పెట్టిన ఈ పాత ఫోటోతోనే మొదలుపెడతాను.

"అయినా, ఇంతకంటే సాక్ష్యం ఎందుకు? మీరే రాశారుగా," అంటూ ఆఫీసరమ్మ సంచిలోంచి నా కరపత్రం తీసి చదివింది. "పెద్ద గాలివానలో వీధంతా కూలిపోయింది. మళ్ళీ కట్టేటప్పుడు చీట్లు వేసుకుని అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ మారారు."

ఆ గాలివాన నేను పుట్టించిందే. మొదటి ఏడాది ఎవరో అడిగారు, ఫోటోలో కొట్లు తారుమారుగా ఎందుకున్నాయని. నాకేం తెలుసు? నోటికొచ్చింది చెప్పాను. చప్పట్లు కొట్టారు. మరుసటి వారం చీట్లు కలిపాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను. అచ్చు కూడా వేయించాను. ఇప్పుడది తిరిగొచ్చి మా కొట్టు మీదే పడింది.

మరి నిజమేమిటి? కొట్టు నడిచి వెళ్ళిందా? ఫోటో చూశాను, వీధి చూశాను, మళ్ళీ ఫోటో చూశాను. తల తిరిగింది. కుడేదో ఎడమేదో నాకే తెలియలేదు.

బాబాయి మెడలో టేపుతో అలాగే దిగి వచ్చాడు. సంగతి విని నన్ను తిట్టలేదు. ఫోటో ముందు వంగి, కొట్టును వదిలేసి, అరుగు మీద నిలబడ్డ మనుషులను చూడసాగాడు.

"అమ్మడూ, ఈ చొక్కాలు ఎవడు కుట్టాడే?"

"ఇప్పుడు చొక్కాల గొడవెందుకు బాబాయ్!"

"జేబు కుడివైపుంది చూడు. వీడికీ అంతే. ఈ ముసలాయనకీ అంతే. బొత్తాల పట్టీ కూడా ఆడవాళ్ళ రవికెలకి వేసినట్టుంది. మా తాత తాగి కుట్టినా ఇలా కుట్టడు. ఊరంతా ఇలా తొడుక్కుందా?"

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత వెలిగింది.

"ఫోటోయే తిరగబడిందా?"

"మరి బోర్డులు?" అంది ఆఫీసరమ్మ వెంటనే. "తిరగబడితే అక్షరాలు కూడా తిరగబడాలి కదా. చక్కగా చదవొస్తున్నాయే!"

నిజమే. మళ్ళీ మొదటికొచ్చింది. పదీ ముప్పై అయిదు.

ఫోటో స్టూడియో పెద్దాయన వీధి చివర ఉంటాడు. ఆ ఫోటో తీసింది వాళ్ళ నాన్నే. పరుగెత్తాను. చెప్పిందంతా విని ఆయన నెమ్మదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళకి అడిగారన్నమాట," అన్నాడు.

"ఏమిటండీ అడిగేది?"

"మా నాన్నకి అదే మొదటి పెద్ద పని. అప్పట్లో ఫిల్ము బదులు గాజుపలకే. కంగారులో దాన్ని బోర్లించి అచ్చు తీశాడు. అక్షరాలు తిరగబడ్డాయి. తెచ్చుకున్న పెద్ద కాగితం అదొక్కటే. ఏం చేస్తాడు? సన్న కుంచె పట్టుకుని బోర్డులన్నీ చెరిపి, అక్షరాలు సరిగ్గా రాసేశాడు. కొట్లను ఎటు తిప్పుతాడు పాపం! పోయేదాకా ఎవరికీ చెప్పనివ్వలేదు."

"ఆ పలక ఉందా?"

పాత చీరలో చుట్టి ఉంది. నేను పట్టుకున్నాను, ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ వీధి నాకెప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు. బేకరీ ముందు ఒక సైకిల్ అడ్డొచ్చినప్పుడు పెద్దాయన వేసిన కేకకి సైకిలువాడే పడిపోయాడు.

పదీ యాభై ఎనిమిది. ఆఫీసరమ్మ పలకను ఎండకెత్తి పట్టుకుంది. అక్షరాలు తిరగబడ్డాయి. వెనక్కి తిప్పింది. దర్జీ కొట్టు బోర్డు చక్కగా చదవొచ్చింది. ఆ కొట్టు, పైన బాల్కనీతో సహా, ఎడమవైపే ఉంది. మనుషుల జేబులు కూడా ఎడమవైపే.

ఆవిడ కలం తీసింది. ఆగింది.

"మరి మీ గాలివాన?"

ఇరవై మందీ నన్నే చూస్తున్నారు. వాళ్ళలో కొందరు ఆ కథ కోసమే రెండోసారి వచ్చారు. బాబాయి టేపు చుట్టుకుంటూ నేల చూశాడు.

"రాలేదండీ," అన్నాను. "చీట్లూ లేవు. నాకు తెలియక కల్పించాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆఫీసరమ్మ కరపత్రాన్ని నిలువుగా చించి నా చేతిలో పెట్టి, జాబితాలో బాబాయి కొట్టు రాసి సంతకం చేసింది.

మరుసటి ఆదివారం తొమ్మిది మందే వచ్చారు. ఈసారి అంతా నిజమే చెప్పాను. బోర్లించిన పలకా, కుంచే, జేబులూ. "ఇక అసలు కొట్టు చూడండి," అని చెయ్యి చాపాను. తొమ్మిది తలలూ బేకరీ వైపు తిరిగాయి.

'ఒకప్పుడు కొట్టు అటుండేది' అని చూపించిన ఆరేళ్ళ అలవాటు. చెయ్యి కుడివైపే లేచింది.

"అమ్మడూ!" బాల్కనీ మీంచి బాబాయి కేక. "ఇటే! ఎడమ చెయ్యి! అన్నం తినని చెయ్యే తల్లీ!"