నీళ్ల డ్రమ్ము వెనక

మొదటి దెబ్బ వీపు మీద పడింది. శామ్ మంచం మీంచి కదల్లేదు.

"లెగరా! డ్యూటీకెల్లవేటి? పెళ్లాం సంపాదిస్తంటే నువ్వు తొంగుంటావేటి?"

తండ్రి యేసుదాసు చేతిలో కన్వేయర్ బెల్టు ముక్క. ఉద్యోగం చేసే రోజుల్లో ఉక్కు ప్లాంటు నుంచి తెచ్చి, క్యాంప్ 1 బస్తీలోని ఈ ఇంట్లోనే తలుపు వెనక మేకుకు తగిలించాడు. శామ్ దాని దెబ్బల కింద పెరిగాడు.

తండ్రికి డెబ్బై. ఇనప దూలంలా ఉంటాడు. కొడుకుకి ముప్పై ఎనిమిది. జుట్టు నెరిసి, భుజాలు వంగిపోయాయి. మొన్న పవర్ హౌస్ స్టాప్ దగ్గర బస్సులో ఓ కుర్రాడు లేచి "అంకుల్, బైఠియే" అని శామ్‌కే సీటిచ్చాడు. పక్కనున్న యేసుదాసు పగలబడి నవ్వాడు.

శామ్‌ని చూసిన డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "చిన్నతనమంతా భయంతో బతికితే ఒంట్లో కణాలు కూడా తొందరగా ముసలివైపోవచ్చు. మీ దిగులుకీ వేరు అక్కడే ఉండొచ్చు. ఇది బద్ధకం కాదు, జబ్బు," అంది.

ఆ మాట తండ్రికి చెప్పడమే శామ్ చేసిన తప్పు.

"కణాలంట, కణాలు! మా అయ్య సేతి దెబ్బలు నాను తిన్లేదేటి?"

రెండో దెబ్బకి చెవి చిట్లింది. అప్పుడే స్కూలు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల కూతురు లిల్లీ బ్యాగు పారేసి మధ్యలోకి దూకింది.

"తాతా, మత్ మారో! నాన్నని కొట్టకు!"

బెల్టు పిల్ల చేతిని చీరుకుంటూ పోయింది.

శామ్ లేచాడు. తండ్రి మణికట్టు పట్టి మెలితిప్పాడు. ఎముక పుటుక్కుమంది. ఆ బెల్టునే మెడకు చుట్టి, వీపుకి మోకాలు ఆనించి లాగాడు. ముసలాయన గుడ్లు వెలికొచ్చాయి. ఇంకొక్క లాగు చాలు.

లిల్లీ ఏది?

నీళ్ల డ్రమ్ము వెనక, రెండు చేతులూ తల మీద కప్పుకుని ముడుచుకుపోయి ఉంది. చిన్నప్పుడు శామ్ దాక్కున్న చోటే అది. పిల్ల కళ్లు శామ్ మీదే ఉన్నాయి.

బెల్టు వదిలేశాడు.

యేసుదాసు నేల మీద దొర్లుతూ, దగ్గి, నెత్తురు ఉమ్మి, నవ్వాడు. "ఇప్పుడనిపించుకున్నావురా నా కొడుకువని!"

శామ్ పిడికిలి బిగిసింది. డ్రమ్ము కదిలిన చప్పుడైంది. పిడికిలి విప్పి, బెల్టు తీసి బయట మురిక్కాలవలోకి విసిరాడు.

"ఆటో పిలుస్తాను. సెయ్యి కట్టించుకుని ఉతై ఊర్లో అత్త ఇంటికెల్లిపో నాన్నా. మల్లీ ఈ గడప తొక్కితే..." లిల్లీ వింటోంది. బెదిరింపు మింగేశాడు. "రాకు. అంతే."

ఆటో వెళ్లాక డ్రమ్ముకి దూరంగా నేల మీద కూలబడ్డాడు. దగ్గరికి పోవడానికి ధైర్యం చాల్లేదు.

"పాపా, నేను కొట్టనమ్మా."

చాలాసేపటికి లిల్లీ తల మీంచి ఒక చెయ్యి దింపింది. రెండోది ఇంకా అక్కడే ఉంది.