మామయ్యకు వదిలిన స్వరం

అల్లుడిది ఎడమచేతి వాటం. తన సెలూన్‌లో కత్తెర పట్టేది ఆ చేత్తోనే, గిటారు మెడ పట్టేదీ ఆ చేత్తోనే. బొటనవేలూ ఉంగరపు వేలూ కత్తెర కళ్లలో దూరి ఏళ్లుగా గొడ్డుచాకిరీ చేస్తుంటే, చిటికెన వేలు మాత్రం కత్తెర తోక మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అంత దర్జా వెలగబెట్టిన వేలికి ఇప్పుడు ఒక్కసారిగా పని పడింది. రెండు తీగలను అదొక్కటే అదిమిపట్టాలి.

ఆ పని పెట్టింది భార్య. ఆమె ఓ పాట కట్టింది. శనివారం సాయంత్రం వీధి చివరి గ్రంథాలయపు హాలులో పాడబోతోంది. గిటారు మొగుడిది, బేస్ గిటారు తండ్రిది, డ్రమ్ములు తమ్ముడివి. పాటలో "తలుపు తీసి చూడు" అన్నచోట ఆమె గొంతు కాసేపు నిలుస్తుంది. సరిగ్గా అక్కడ పదమూడో కార్డు మోగాలి. కార్డంటే ఒక్కసారిగా పలికే స్వరాల గుంపు. మామూలు గుంపులో మూడు స్వరాలుంటే, దీని కడుపులో ఏడు. తీగలేమో ఆరు, నొక్కే వేళ్లేమో నాలుగు! నేర్చుకునే కాగితం మీద తీగకొకటి చొప్పున ఆరు చుక్కలున్నాయి. అవి చాలనట్టు అల్లుడికి పట్టపగలే మరికొన్ని కనిపించాయి.

సాధనలో ఆ చోటు రాగానే గిటారు మూలిగింది.

"బావా, అది కార్డా, తలుపు కిర్రుమన్న చప్పుడా?" అన్నాడు బావమరిది. "పోన్లే, పాటలో తలుపుందిగా, సరిపోయింది!"

"నువ్వు నోరు మూసుకుని డ్రమ్ము కొట్టరా," అని కసిరి, భార్య మొగుడి వైపు తిరిగింది. "పోనీ, మామూలు కార్డే వాయించండి. ఎవరికి తెలుస్తుంది?"

మామూలుదే వాయించాడు. ఆమె గొంతు అక్కడ నిలవలేదు. తెలిసిన ఇంటిముందు నుంచి తలవంచుకుని వెళ్లిపోయినట్టు ముందుకు సాగిపోయింది. ఆ సాగిపోవడమే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మామగారు క్షవరానికి వచ్చి కుర్చీలో చేరగిలబడ్డారు. పళ్లకత్తెరతో ఆయన ఒత్తైన జుట్టును అల్లుడు పలచబరుస్తున్నాడు.

"ఏమయ్యా, నిన్న నీ చేతి అవస్థ చూస్తే జాలేసింది. పైనున్న లావు తీగ మీద నొక్కేది ఏ స్వరం?"

"అడుగు స్వరం, మామయ్యా. మిగతావన్నీ దానిమీదేగా నిలబడేది."

"మరి నేను వాయించేది?"

కత్తెర ఆగింది. "అదే..."

"నా మోత కూడా నువ్వే మోసేస్తే నేనెందుకు? గోళ్లు గిల్లుకోనా? నాది నాకొదిలెయ్. దాని పక్క తీగ మీద?"

"ఐదో స్వరం."

"అది ఉన్నా లేకున్నా ఏ చెవికీ ఆనదు. పొద్దుట్నుంచీ నా జుట్టులోంచి ఇంత తీశావే, నాకు బట్టతల వచ్చిందా?"

"లేదు, మామయ్యా. ఆకారం వచ్చింది," అని, తనన్న మాటకు తానే ఉలిక్కిపడ్డాడు అల్లుడు.

కత్తెర బల్లమీద పడేసి, మూలనున్న గిటారు అందుకున్నాడు. లావు తీగలు రెంటినీ వదిలేశాడు. మిగిలినవి నాలుగు తీగలు, నాలుగు వేళ్లు. చిటికెన వేలికి ఒక్క తీగే వాటాకు వచ్చింది. మీటాడు. అద్దాల గదిలో అద్దమంత తేటగా మోగింది కార్డు.

"భేష్! అయితే నా సగం తల సంగతేం చేస్తావు?" అన్నారు దుప్పటి కప్పుకున్న మామగారు.

శనివారం వచ్చింది, పాట వచ్చింది, తలుపు దగ్గరికీ వచ్చింది. నాలుగు తీగలూ ఘల్లుమన్నాయి. భార్య గొంతు నిలిచింది. కింద మాత్రం చప్పుడు లేదు! కూతురి పాట వింటూ నోరు తెరిచేసిన మామగారు తన స్వరమే మరిచిపోయారు. లావు తీగ మీదికి దూకుదామని అల్లుడి వేళ్లు ఉవ్విళ్లూరాయి. కదిపితే ఉన్నదీ ఊడుతుంది. పళ్ల బిగువున పట్టుకుని, "మామయ్యా, మీ మోత!" అని గొణిగాడు.

"ధుమ్!"

అంతదాకా గాలిలో తేలిన పాట నేలకు దిగింది. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. భార్య మొగుణ్ణి చూసి, పాడుతూనే నవ్వింది.

"నాన్నా, ఆ ఆలస్యం భలే కుదిరింది. మళ్లీ పాడినప్పుడూ అలాగే చేయండి," అంది ఇంటికెళ్లే దారిలో.

"దానికేం, తల్లీ," అన్నారు మామగారు మీసం దువ్వుకుంటూ. "రేపట్నుంచే మరిచిపోవడం సాధన చేస్తాను."