లంకణం మానిన దీవి

ప్రభావతిని ఎవరూ రమ్మనలేదు. టౌరంగా ఊళ్లోని ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండనని భీష్మించుకుని, డైటీషియన్‌గా పనిచేసే కూతురు నవీన వెంట ఓ మారుమూల దీవికి వెళ్లే బుల్లి విమానం ఎక్కేసింది. దీవిలో దిగేదాకా కళ్లు తెరిస్తే ఒట్టు.

దీవిలో ఉన్నది నూట ఇరవై మంది. ఆరు తరాలుగా వాళ్లలో వాళ్లే పెళ్లాడుతున్నారు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక లోపం వస్తోందని రక్తపరీక్షల్లో తేలింది. కడుపు ఖాళీ అయితే ఎవరికైనా ఒంట్లో కొవ్వు కరిగి శక్తినిస్తుంది, వీళ్లకు ఇవ్వదు. జ్వరంలో పస్తుంచితే ప్రాణం మీదికి వస్తుంది. రెండు గంటలకోసారి గ్లూకోజ్ నీళ్లు పట్టమని నవీన హాల్లో అందరికీ బొమ్మలు గీసి మరీ చెప్పింది.

ముందు వరసలోంచి నాన్సీ అనే ముసలామె లేచింది. ఒళ్లో ఎనిమిది నెలల మనవరాలు లూసీ.

"జ్వరమొస్తే పస్తుంచమని మా అమ్మ చెప్పింది. దీని అన్న టామ్‌ను అలాగే ఉంచాను. రెండో రోజు పోయాడు. అంటే వాణ్ణి నేనే చంపానంటావా?"

ఏమందని తల్లి అడిగితే నవీన తెలుగులో చెప్పింది. జనం కుర్చీలు జరిపి లేస్తున్నారు. లూసీ రక్తంలోనూ అదే లోపం ఉంది. నాన్సీ ఇప్పుడు గడప దాటిందంటే ఆ పిల్లకూ అదే గతి.

ప్రభావతిది మేనమామతో పెళ్లి. మొదటి కొడుకు బంటి జ్వరంతో పోతే ముప్పై ఐదేళ్లుగా దేవుణ్ణి తిడుతూనే ఉంది. ఇవాళ ఆ బొమ్మలు చూశాక గాని అసలు సంగతి తట్టలేదు.

"నవీనా, నా మాట ఆమెకు ఇంగ్లిషుల చెప్పు. నేను గూడ గట్లనే చేసిన. నా బంటికి జొరమొస్తే లంకణం పెట్టిన. మాకెవ్వలు చెప్పలే. ప్రేమతోనే చేసినం, తెల్వక చేసినం. గిప్పుడు తెలిసింది గదా, ఈ పిల్లను గూడ పోగొట్టుకుందమా?"

తన అన్నయ్య సంగతి నవీన ఎప్పుడూ ఇలా వినలేదు. ఏడుస్తూనే ఇంగ్లిషులో చెప్పింది. నాన్సీ మెల్లగా కూర్చుంది.

"ఎన్ని గంటలకోసారి? మళ్లీ చెప్పు, రాసుకుంటాను."

ఆగస్టులో, అక్కడి చలికాలంలో, లూసీకి జ్వరం వచ్చింది. పాలు ముట్టడం లేదు. దట్టమైన పొగమంచు, విమానాలు లేవు. టౌరంగాలో ప్రభావతి అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి ఫోన్ చేసింది. ఆమెకున్న ఇంగ్లిషంతా ఒక్కటే మాట: "నాన్సీ! షుగర్ వాటర్!" అవతలినుంచి "ఎస్, ఎస్!" అని కసురు. అలా మూడు రోజులు.

నాలుగో మధ్యాహ్నం మంచు విడింది. డాక్టరుతో పాటు తల్లీకూతుళ్లూ దిగారు. ఈసారి ప్రభావతి దారి పొడవునా కళ్లు మూస్తే ఒట్టు. రన్‌వే పక్కనే నాన్సీ నిలబడి ఉంది. చంకలో లూసీ, చేతిలో చెంచా, గిన్నె.

డాక్టరు పిల్ల వేలు గుచ్చి చూశాడు. "షుగర్ బాగుంది. జ్వరం కూడా తగ్గింది. గెలిచేశారు!"

దీవి దీవంతా కేకలు పెట్టింది. ప్రభావతి ఆనందం పట్టలేక బావురుమంది.

"ఏడుపు తర్వాత. టైమైంది," అని నాన్సీ గదమాయించి, లూసీని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. చెంచా కూడా చేతికిచ్చింది. "ఈసారి నువ్వు పట్టు."

ప్రభావతి పట్టింది. లూసీ చుక్క మిగల్చకుండా తాగి, ఇంకా కావాలని నోరు తెరిచింది.