ముక్కుతాడు లేని ఆవు

మేట్టుపాళయంలో గోదాముల వెనక మాకు మిగిలింది ఎకరం నేల. మందులు, ఎరువులు మానేసి, వరి కోతయ్యాక అలసంద, జనుము, పిల్లిపెసర కలిపి చల్లి, ఆవును కట్టకుండా అందులో మేపాలన్నది నా పట్టుదల. ఆవు తిరిగి, మేసి, పేడ వేస్తే నేల తేరుకుంటుందని 2006లో ఒక శిక్షణలో విన్నాను. ఆవు ఊరికే బతికుంటే చాలదు, సంతోషంగా ఉండాలనీ అక్కడే విన్నాను. ఇంటికి రాగానే మా ఎర్రావు సెవలై ముక్కుతాడు కోసేశాను. మా అత్త పట్టమ్మాళ్ మూడు రోజులు నన్ను తిట్టింది.

ఒక ఉదయం వాన వెలిసింది. సెవలై పాకలోంచి అదే పనిగా అరుస్తుంటే, పాపం ఆకలేస్తోందని తడక తీసేశాను. ఖాళీ కడుపున తడి అలసంద మేస్తే పొట్ట ఉబ్బుతుంది, ముందు నాలుగు పరకలు ఎండుగడ్డి వేయాల్సింది. నా బుద్ధి గడ్డి తింది గాని ఆవుకు గడ్డి పెట్టలేదు. అది తడి అలసందలో పడి ఆబగా మేస్తుంటే గట్టున నిలబడి మురిసిపోయాను.

గంటలో దాని ఎడమ డొక్క పొంగింది. తడితే డప్పులా మోగింది. నాలుక బయటపెట్టి ఊపిరికి కొట్టుకుంటోంది. నా భర్త శంకరన్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, కడుపులో నురగ కట్టిందనీ, తాను రావడానికి గంట పడుతుందనీ, అందాకా ఆవు ఆగదనీ అన్నాడు. అరలీటరు వేరుశనగ నూనె తాగించాలట. పోసేటప్పుడు తల పట్టు తప్పితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుందట. ఆ చివరి మాట చెప్పకపోతే బాగుండేది.

నూనె, వెదురు గొట్టం తెచ్చేసరికి అత్త ఆవు పక్కనే ఉంది.

"యాడ పట్టుకుంటావు దాన్ని? ఉండే తాడు నువ్వే కోసేస్తివి," అంది.

తిట్టలేదు. ఆమె గొంతులోనూ భయమే ఉంది. దాంతో నాకున్న కాస్త ధైర్యం కూడా పోయింది. ఇద్దరం మెడ పట్టబోతే సెవలై తల విసిరింది. అత్త వెళ్లి కంచె గుంజకు కొట్టుకుంది. దీన్ని నేనే చంపుతున్నాను అనుకున్నాను.

ఇక పట్టుకోవడం మానేశాను. రోజూ గంగడోలు గోకే చోట చెయ్యి వేసి, "రామ్మా" అన్నాను.

సెవలై రెండడుగులు వేసి, ఎప్పటిలాగే గడ్డం నా భుజం మీద ఆనించింది. ఆ బరువుకు నా మోకాళ్లు వంగాయి. దవడ పక్కనుంచి గొట్టం పెట్టి, గుక్కెడు పోసి, మింగాక ఇంకో గుక్కెడు పోశాను. అత్త గొట్టం నింపి ఇస్తూనే ఉంది. ఆవు తల కదపలేదు. ఇంత చేసిన నన్నే నమ్ముతోందని ఏడుపొచ్చింది.

అరగంటకు పెద్ద తేన్పు వచ్చింది. పులిసిన వాసన ముఖాన కొట్టింది. తర్వాత ఇంకోటి. డొక్క దిగుతుంటే నేను తడి నేల మీదే కూలబడ్డాను.

డాక్టరు వచ్చి డొక్క తట్టి చూశాడు. ముక్కుతాడు లేని ఆవుకు నూనె ఎలా తాగించారు, ఎవరు పట్టుకున్నారు అని అడిగాడు. అత్తే చెప్పింది.

"ఎవురూ పట్టుకోలేదు సార్. అదే వచ్చి నిలబడింది."