నూనె తాగిన బండి

గోపాల్ తన అక్క చావుకు రాలేదు. అది వాదించే సంగతి కాదు. మానేరు ఎటు పారుతుందో ఎవరూ వాదించరు కదా, అతని బావ సదానందానికి ఇదీ అంతే. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది పద్మలత. ఆమె పాడె లేచిన నాడు ఆ తమ్ముడు దుబాయిలో ఉండి ఫోనులో ఏడ్చాడు. ఫోనులో ఎవరైనా ఏడుస్తారు.

పదో రోజున మానేరు ఒడ్డున విస్తరి పెడితే పిట్ట ముట్టలేదు. పొద్దు నెత్తికెక్కేదాకా కూచున్నారు. ఒక్క కాకీ వాలలేదు. తమ్ముడి మీద ఆశతో పోయిందని ఆడవాళ్లు అన్నారు. సదానందం ఆ మాటను మూట గట్టుకున్నాడు.

సంవత్సరీకానికి గోపాల్ సిరిసిల్లలో దిగాడు. సంచి విప్పి ముందుగా తీసింది ఒక ఆటబండి. మూరెడు పొడవు, ముళ్ల చక్రాలు, నీలం పైకప్పు. చేతిలో రిమోట్ పట్టుకుని నడిపే పందెపు బగ్గీ.

"అక్క సావుకు తొవ్వ దొరకలే గని బొమ్మకు దొరికిందా?" అన్నాడు సదానందం.

"రేపు మానేరు కాడ ఒక్కసారి ఉరికిస్త బావా. గంతే."

"ఉరికిచ్చుకో. నాకేంది."

గోపాల్ సామాన్లకని బజారుకు పోయాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్క షెడ్డులో సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. ఆ మరమగ్గాలు ఆగినా సదానందం చెవుల్లో వాటి చప్పుడు ఆగదు. దూరాన ఎక్కడో వాన పడుతున్నట్టు ఉంటుంది. రేకుల సందులోంచి ఎండ కడ్డీలా దిగింది. అందులో నూలు ధూళి తేలుతూ, ఎటూ పోకుండా, కిందికీ రాకుండా తిరుగుతోంది.

బండిని ఒళ్లోకి తీసుకున్నాడు. లోపల చిన్న పండ్ల చక్రాలు. ఎండిపోయి ఉన్నాయి. సాంచాల మీద ముసలైన చేతులు అవి; తిరిగేది ఏదైనా ఎండి కనిపిస్తే ఊరుకోవు. నూనె డబ్బా అందుకుని సందుసందుకూ చుక్క వేశాడు. అందులో ప్రేమ లేదు, పగా లేదు. చేతులు చేసిన పని.

అలాగే గోడకు ఆనుకుని కన్నుమూశాడు. కలలో పద్మలత రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. దారం తెగకుండా వాకిట్లోకి, వాకిట్లోంచి బజారులోకి పోతోంది. దాని చివర నిర్మల్ కొయ్యబండి ఒకటి తనంతట తానే ఉరుకుతోంది. ఆమె దాన్ని చూసి నవ్వుతోంది, మొగుడి వైపు తిరగడం లేదు.

మర్నాడు పొద్దున మానేరు ఒడ్డున విస్తరి పెట్టారు. దూరంగా జరిగి కూచున్నారు. మంచు ఇంకా నేలను వదల్లేదు. కాకులు తుమ్మచెట్టు మీద ఉన్నాయి. దిగలేదు.

"నువ్వొచ్చినా దిగుతలేవు," అన్నాడు సదానందం.

గోపాల్ లేచి, నీళ్లు తగ్గి గట్టిపడిన నేల మీద బగ్గీని పెట్టాడు. రిమోట్ నొక్కాడు. మోటారు గుయ్యిమంది. చక్రాలు కదల్లేదు. బ్యాటరీ తీసి పెట్టాడు. మళ్లీ గుయ్యిమంది. అక్కడే ఉంది. పైకప్పు విప్పి లోపల వేలు పెట్టాడు. వేలు నిగనిగలాడుతూ బయటికొచ్చింది.

"నూనె ఎవలు పోసిన్రు?"

"నేనే. ఎండి ఉండె."

గోపాల్ కోప్పడలేదు. నవ్వినంత పని చేశాడు. "మోటరుకు, చక్రాలకు నడుమ గీ బిళ్ల ఉంది బావా. ఇది పక్కదాన్ని గట్టిగ పట్టుకోవాలె. నూనె వడితె జారుతది."

సాంచె బ్రేకు పట్టీకి నూనె తగిలితే ఏమవుతుందో సదానందానికి తెలియనిది కాదు. తెలిసీ, చూసుకోకుండా పోశాడు. గుడ్డపీలికను మోటారుసైకిలు పెట్రోలులో తడిపి తెచ్చాడు. ఇద్దరూ నేల మీద కూచున్నారు. బిళ్లను ఊడదీసి తుడిచారు, గరుకు కాగితం మీద రుద్దారు.

రుద్దుతూ గోపాల్ అన్నాడు: "అక్క దీన్ని ప్రతి శుక్రారం జూసేది."

"ఏది?"

"గీ బండిని. శుక్రారం మాకు సెలవు. ఎడారిల ఉరికిచ్చుకుంట ఫోన్ల సూపెట్టేటోన్ని. మంచంల పండుకొని, ఇంకోసారి తిప్పురా అనేది."

"నాకు చెప్పలే."

"నువ్వు సాంచాల కాడ ఉంటివి. మీ బావకు చెప్పకు, గీ వయసుల బొమ్మలాటలా అంటడు అన్నది." బిళ్లను తిరగేశాడు. "వస్త అంటె వద్దన్నది. నువ్వు ఈడికొస్తె నా మంచం జూసి ఏడుస్తవ్, ఆడ్నే ఉండి బండి తిప్పు అన్నది. ఎన్నడన్న వస్తె మానేరు కాడ తిప్పు, నేను యాడున్నా జూస్త అన్నది."

సదానందానికి ఆ శుక్రవారాలు గుర్తొచ్చాయి. బువ్వకు ఇంటికొస్తే ఆమె గోడవైపు తిరిగి నవ్వుకుంటూ ఉండేది. మందు మత్తు అనుకున్నాడు.

బిళ్లను అమర్చి, నట్టును బలమంతా పెట్టి బిగించాడు.

"మరీ బిగియ్యకు బావా. గుంతల వడ్డప్పుడు జర జారాలె. లేకుంటె పండ్లు ఇరుగుతయ్."

సదానందం నట్టును కొంచెం వెనక్కి తిప్పాడు.

ఈసారి బగ్గీ లేడిపిల్లలా ఉరికింది. మంచులోకి దూరి కనబడకుండా పోయింది, మరోచోట నీలంగా తేలింది. ఒంపు దగ్గర గాలిలోకి లేచి మెత్తగా దిగింది. వెనుక ఎర్రదుమ్ము సన్నని దారంలా సాగింది. సదానందం చెవుల్లోని వాన ఎప్పుడు ఆగిందో అతనికే తెలియదు.

"ఇంకోసారి తిప్పు," అన్నాడు.

తిరిగి చూసేసరికి విస్తరి పక్కకు జరిగి ఉంది. మెతుకులు నేల మీద చెదిరి ఉన్నాయి. తుమ్మచెట్టు ఖాళీగా ఉంది. అటుగా ఒక కుక్క కూడా పోతోంది.

"బావా, ముట్టింది పిట్టేనా, కుక్కనా?"

సదానందం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"పిట్టే ముట్టింది. నువ్వు సావుకు రాలేదన్న ముచ్చట గూడ ఈడ్నే అయిపోయింది. ఇగ బతికినన్ని దినాలు నా నోట రాదు. నువ్వూ తియ్యకు."