ఎర్ర పీలికల రోడ్డు

మా ఊరు పా రావన్‌కు రోడ్డు వస్తుందని మొదట చెప్పింది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆఖరున చెప్పింది మాత్రం తామా లియాన్. అందుకే ఊరు అతన్ని చూసి ఇప్పటికీ నవ్వుతుంది. అతనూ కలిసి నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు?

కొండ దాటితే ఇండోనేషియా. ఇవతల మేము, అవతల మా మేనత్తలూ మేనమామలూ. మధ్యలో సరిహద్దు రాయి ఉంది. దానికి మా గేదెలు వీపు రుద్దుకుంటాయి. విమానం దిగే చోటి నుంచి మా ఊరికి ఒక పూట నడక, అడవిలో జలగలు రేగితే పూటన్నర. ప్రతి ఆదివారం చర్చిలో రోడ్డు కోసం ప్రార్థన చేస్తాం. "దేవుడు ఎప్పుడో విన్నాడు, కాంట్రాక్టరుకే ఇంకా వినపడలేదు" అంటాడు పాస్టరు గలీ. విన్నవాడు ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నాడా అని తామా లియాన్‌కు అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. అనుమానం వచ్చిన ఆదివారం కీర్తన ఇంకాస్త గట్టిగా పాడేవాడు.

ఈమధ్య అతనికి రోడ్డుతో పని పెరిగింది. కూతురు రినై, అల్లుడు పడన్ మిరీ పట్నం నుంచి నెలల పిల్లతో వచ్చారు. తొలి మనవరాలు. మాలో తాత, అమ్మమ్మ అయినవాళ్ళు పాత పేరు వదిలేసి, ఊరికి విందు పెట్టి, అందరి ముందూ కొత్త పేరు చెప్పాలి. మొగుడికీ పెళ్ళానికీ ఒకటే పేరు. విందు శనివారం, చర్చిలో. సోమవారం విమానానికి పిల్లల తిరుగు ప్రయాణం. ఎలాగైనా వాళ్ళను ఇక్కడే ఉంచేసుకోవాలని తామా లియాన్ ఆశ. ఆ ఆశ నోటితో చెప్పడం చేతకాక రోడ్డు గురించి చెప్పేవాడు.

"రోడ్డు పడిందంటే టూరిస్టులు వస్తారే రినై. మనింట్లోనే దిగుతారు. నువ్వు వండిపెడితే చాలు."

"ఇదివరకు వచ్చినవాళ్ళు ఏమయ్యారు నాన్నా?"

"ముగ్గురొచ్చారుగా!"

"ఇద్దరు జలగల్ని చూసి మర్నాడే పారిపోయారు."

"మూడోవాడు వారం ఉన్నాడా లేదా?"

"వాడికి జ్వరం నాన్నా. లేవలేక ఉన్నాడు."

పడన్ నవ్వు దాచుకోవడానికి పాపను భుజం మార్చుకున్నాడు. అతను మిరీలో టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. "మామయ్యా, నేను టైర్లు బాగుచేసేవాణ్ణి. ఇక్కడ గేదెల కాళ్ళకు పంచర్లు వేయమంటారా?" అన్నాడు. తామా లియాన్ బుట్ట తగిలించుకుని ఉప్పు ఊట వైపు బయలుదేరాడు.

కొండ కింద ఆ ఊటనీళ్ళు కాచి ఉప్పు తీయడం అతని తాతలనాటి పని. సగం దూరం పోయాక, ఒక చెట్టుకు అతని కళ్ళెదురుగా ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే ఇంకొకటి. వంపు దగ్గర రెండు. రోడ్డు కొలిచేవాళ్ళు చెట్లకు ఎర్ర గుర్తులు కడతారని అతను విమానం దిగే చోట స్వయంగా చూశాడు. పీలికల వెంట వెళ్ళగా వెళ్ళగా అవి తిన్నగా అతని ఉప్పు పాక గుమ్మం ముందు ఆగాయి. ఇంకొకడైతే అక్కడ కాస్త ఆలోచించేవాడు. తామా లియాన్ మాత్రం, ఈ ప్రభుత్వానికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చింది, రోడ్డు ఎక్కడికి వేయాలో తెలిసింది అనుకున్నాడు.

ఆ రోజు ఉప్పు కాచలేదు. పరుగున వచ్చి చర్చి ముందు నిలబడి చెప్పేశాడు. ఊరు ఊరంతా నమ్మింది. మాకు నమ్మడం బాగా అలవాటు. గంట కొట్టారు, స్తోత్రం పాడారు, ముసలి రాబన్ అయితే లారీ ఎక్కడ తిప్పాలో చూపిస్తూ పైనాపిల్ తోటలో అడ్డదిడ్డంగా నడిచాడు. ఆ ఊపులో తామా లియాన్ శనివారం తాను పెట్టుకోబోయే పేరు కూడా చెప్పేశాడు: దారి తెచ్చినవారు. అందరూ చప్పట్లు కొట్టారు. భార్య సీనా లియాన్ మాత్రం చీపురు పుల్ల ఒకటి విరిచి, దాన్నే చూస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున. బయట పందుల్ని కాలుస్తున్నారు. సీనా లియాన్ మెత్తటి అన్నం ఆకుల్లో పొట్లాలు కడుతోంది. మొగుడు కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, ఆ పేరు నేనూ మోయాలి కదా?"

"మొయ్యవే. గొప్ప పేరు."

"దేవుని మందిరంలో, అందరి ముందూ, నేను దారి తెచ్చానని చెప్పాలా?"

"ఏం, చెబితే?"

"తెచ్చింది నేనే కాబట్టి సిగ్గేస్తోంది" అంది ఆమె. "ఆ పీలికలు నేను కట్టానయ్యా. ఎలుకలు కొరికేసిన చర్చి గాయకబృందం ఎర్ర అంగీ చించి కట్టాను. పోయిన నెల నువ్వు ఉప్పుకని పోయి దారి తప్పి ఎక్కడ తేలావు?"

తామా లియాన్ గొంతు సవరించుకున్నాడు. "చుట్టాల్ని చూడ్డానికి అవతలికి వెళ్ళాను."

"చుట్టాలా? ఇండోనేషియా సిపాయిలు కాఫీ ఇచ్చి, చెయ్యి పట్టుకుని సరిహద్దు రాయి దాకా దిగబెట్టారు. కొండ అవతలి మా చెల్లెలు కబురు చేసింది. అడవిలో పుట్టినవాడివి, నీకు దారి తెలీదని ఊరికి ఎలా చెప్పను? అందుకే చప్పుడు చేయకుండా నీ కంటికి ఆనేట్టు కట్టాను. నువ్వు పోయి చర్చి గంట కొట్టిస్తావని కలగన్నానా?"

అతను పెట్టుకున్న గుండీ మళ్ళీ తీశాడు. కోపం రాలేదు. వస్తే బాగుండేదనిపించింది. ముందు గుర్తొచ్చింది ఊరు కాదు, సోమవారం విమానం. రోడ్డు లేకపోతే కూతుర్ని ఉండమనడానికి తన దగ్గర ఇంకేం ఉంది?

పెరట్లో రినై పాపకు నీళ్ళు పోస్తోంది. అతను పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రోడ్డు లేదమ్మా."

"తెలుసు నాన్నా. అంగీ చించడానికి అమ్మకు కత్తెర ఇచ్చింది నేనే."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నువ్వు అంత సంతోషంగా గెంతుతుంటే!"

పాప నీళ్ళు చిమ్మింది. అతను మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, "రోడ్డూ లేదు, టూరిస్టులూ లేరు. ఊరికే ఉండిపోండి. నాకు పిల్లను చూసుకోవాలని ఉంది" అన్నాడు.

రినై చెంబు కింద పెట్టింది. "వచ్చిన రోజే ఈ మాట అనుంటే చర్చి గంట కొట్టించే పని తప్పేది కదా నాన్నా" అంది. తర్వాత చాలాసేపు పాప తల తుడిచింది. "ఆయనకు ఇక్కడ పని లేదు. వట్టి మాటలతో కడుపు నిండదు. వరి కోతల దాకా పాపా నేనూ ఉంటాం. ఆయన వెళ్ళి పని చూసుకుంటారు. ఆ తర్వాతి సంగతి నన్నిప్పుడు అడక్కు."

"అడగను" అన్నాడు తామా లియాన్. అడుగుతాడని ఇద్దరికీ తెలుసు.

విందులో పాస్టరు గలీ లేచి, కొత్త పేరు చెప్పమన్నాడు. తామా లియాన్ పీలికల సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు, సిపాయిల కాఫీతో సహా. ముందుగా నవ్వింది ముసలి రాబన్.

"ఒరే, నా పైనాపిల్ తోట తొక్కుకుంది నేనే కదరా!"

ఇక ఆ నవ్వు ఆగలేదు. పాస్టరు కళ్ళు తుడుచుకుని, "మరి పేరు?" అన్నాడు. తామా లియాన్ భార్య వైపు చూశాడు.

"ఇల్లు చేరినవారు" అంది ఆమె. "నేను ఆ పేరైతే మోయగలను."

సోమవారం పడన్ ఒక్కడే విమానం ఎక్కాడు. ఎక్కేముందు మామగారితో, "ఊళ్ళో బియ్యం మర ఇంజను పాడై పడి ఉంది చూశాను. దానికి ఏం కావాలో మిరీలో కనుక్కుంటాను. మాట ఇవ్వడం లేదు మామయ్యా, కనుక్కుంటాను అంతే" అన్నాడు. తర్వాతి ఆదివారం ప్రార్థనలో రోడ్డుకు ముందు ఇంజను చేరింది. దేవుడికి మా పని ఎప్పుడూ పెరగడమే.

మర్నాడు మా కొత్త తాత ఉప్పుకు బయలుదేరాడు. "ఆ పీలికలు విప్పేసి రానా? జనం నవ్వుతున్నారు" అన్నాడు.

"నవ్వనీ. ఉంచు" అంది అమ్మమ్మ.

అడవిలోకి వెళ్ళాక అతను ఆగి, వెనక్కీ పక్కలకూ చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, వంపు దగ్గర ఎటు తిరగాలో పీలికను చూసి తిరిగాడు.