వాగు అవతలి అత్త

అరవై దాటిన వడ్రంగి పెద్దాయనకు ఊళ్ళో తనకంటే చిన్నవాళ్ళంతా అమ్మాయ్, అబ్బాయ్‌లే. లైబ్రరీ నడిపే అమ్మాయి ఊరి పటమూ, ఇంటింటి వంశవృక్షమూ గోడకెక్కిస్తోందని తెలియగానే అందరికంటే ముందు వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రాసుకో అమ్మాయ్. ఇదిగో మా తాత. ఆయనకో తమ్ముడు. నా చిన్నప్పుడే ఎటో వెళ్ళిపోయాడు. ఆ కొమ్మ అక్కడితో సరి."

"ఎటో అంటే ఎటండీ?"

"ఎటో అంటే ఎటో! ఆ ఊసెత్తితే తాత చెయ్యి పైకి లేచేది. ఇంక అడిగే ధైర్యం ఎవరికుంటుంది?"

ఆ అమ్మాయి తమ్ముడి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. తన వంశంలో అలాంటి కొక్కెం వేలాడటం పెద్దాయనకు బొత్తిగా నచ్చలేదు. దాన్ని చెరిపేయమని పోరడానికి ఆదివారం మళ్ళీ వెళ్ళాడు.

అప్పటికే అక్కడ వ్యాను ఆవిడ ఉంది. వాగు అవతలి పేట నుంచి కూరగాయలు తెస్తుంది. నలభై ఏళ్ళుంటాయి. రోజూ ఆయన వడ్రంగి షెడ్డు ముందే వ్యాను ఆపుతుంది, రోజూ ఇద్దరికీ గొడవే. 'అవతలి ఒడ్డువాళ్ళకి మర్యాద తెలీదు' అన్నది ఆయన ఖాయం చేసుకున్న మాట. ఇవాళ తమ ఇంటి వివరాలు రాయించడానికి ముసలి తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

ముసలావిడ పటం మీద వేలు పెట్టింది.

"వాగు ఇక్కడ గీశావేంటమ్మా? నేను కాపురానికొచ్చినప్పుడు ఇది మా పేట వెనకాల పారేది. ఆ పేటా ఈ వీధీ అప్పట్లో ఒకటే. పెద్ద వరదొచ్చి మధ్యలోంచి కోసేసింది. మా ఇల్లూ పోయింది. మా బావగారు ఈ ఒడ్డున కట్టుకున్నారు, మా ఆయన ఆ ఒడ్డున. నువ్విటు రా అంటే నువ్విటు రా అనుకున్నారు. ఇద్దరికీ ముక్కుమీదే కోపం. మాటలు పోయాయి."

"బావగారి పేరేంటి మామ్మా?"

"పేరెవరు పిలిచారు? తుమ్ముల మేస్త్రి అనేవాళ్ళు. చెక్క పొడి ముక్కుకెక్కితే పొద్దుగూకేదాకా తుమ్మేవారు."

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. "అది మా తాత!"

ముసలావిడ కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వా? నిన్ను చంకనేసుకుని తిప్పానురా నాయనా. నేల మీద దించితే ఏడుపే."

"మరి తమ్ముడు ఎటో పోయాడన్నారు..."

"ఎటు పోతాం? వాగే మా మధ్యలోకి వచ్చింది."

లైబ్రరీ అమ్మాయి గీతలు కలుపుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే పెద్దాయనా, ఈ మామ్మగారి అమ్మాయి మీ నాన్నగారికి చెల్లెలి వరస. మీకు మేనత్త!"

వ్యాను ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏరా అల్లుడూ, రేపట్నించి వ్యాను ఎక్కడ పెట్టమంటావురా?"

గదంతా గొల్లుమంది. పెద్దాయన మొహం ఎర్రబడింది, తర్వాత ఆయనకే నవ్వాగలేదు. "నీ ఇష్టం... అత్తా" అన్నాడు.

ఇంట్లో భార్య వినగానే, "ఈ వయసులో నాకు కొత్త అత్తగారా! అదీ నా కూతురంత ఉంది!" అని బుగ్గలు నొక్కుకుంది. మర్నాడే తల్లీకూతుళ్ళిద్దర్నీ భోజనానికి పిలిపించింది కూడా.

వాగులో నీళ్ళు తగ్గాక పాత ఇంటి చోటు చూపిస్తానని ముసలావిడ పట్టుబట్టింది. ఒడ్డున ఆవిణ్ణి కూర్చోబెట్టి, అత్తా అల్లుళ్ళు మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు.

"ఇంకొంచెం ఎడమకి జరగరా! అదీ, అక్కడే. మీ తాత చిత్రిక పట్టే చోటు" అని ముసలావిడ ఒడ్డు మీంచి వేలు చూపించింది.

కాళ్ళ కింద ఇసుకా నీళ్ళూ తప్ప ఏమీ లేదు. అయినా పెద్దాయన అక్కణ్ణుంచి కదల్లేదు. "ఇంక వంటిల్లు ఎటువైపు నాయనమ్మా?" అని ఒడ్డు వైపు కేకేశాడు.